కార్స్ అడ్డమొస్తే దోవ మార్చడం: బయటి డేటాని బ్రౌజర్లోకి తెచ్చుకునే పద్ధతులు

దామలచెరువులో మామిడికాయల మండీ నడిపే ఒకాయనకి పోయిన సీజన్లో చిన్న వెబ్ పేజీ ఒకటి చేసిచ్చాను. పైన ఆ రోజు తోతాపురి, బేనీషా, నీలం ధరలు. మధ్యలో వాన, గాలి సూచన. కింద రైతు తన తోట వివరం పంపుకునే ఫారం. మూడూ మూడు వేర్వేరు చోట్ల నుంచి రావాలి. తిరుపతిలో నా ల్యాప్‌టాప్ మీద మూడూ చక్కగా వచ్చాయి. లింకు పంపిన పది నిమిషాలకి ఆయన ఫోను.

“ఏమప్పా, రేట్ల కాడ తెల్లగా ఉండాది. ఏమీ రాలా.”

“కార్స్ అడ్డమొచ్చినట్టుందన్నా, చూస్తాను.”

“కార్లు అడ్డమొస్తే దోవ మార్చుకోని పోవల్ల గానీ, ఆడే నిలబడుకుంటే ఎట్లప్పా?”

నవ్వాను గానీ, మాట నిజమే. కార్స్ అంటే క్రాస్-ఆరిజిన్ రిసోర్స్ షేరింగ్. అది అడ్డం పడినప్పుడు మన జావాస్క్రిప్ట్ ఫైలు ముందు కూర్చుని ఎన్ని లైన్లు అటూ ఇటూ మార్చినా పని జరగదు. డేటా ఏ దోవన రావాలో తేల్చుకోవాలి. నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు పనిచేసిందంటే, నెల కిందట ఇంకేదో పనికని కార్స్ తనిఖీని పక్కకు నెట్టే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాను, తీసేయడం మరిచిపోయాను. రైతులు తమ ఫోన్లలో ఆ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోరు కదా.

జావాస్క్రిప్ట్‌లో బయటి డేటా అడిగే ఫెచ్, అసింక్-అవెయిట్ వాడడం వచ్చి, కన్సోల్లో కార్స్ అని వచ్చే ఎర్ర మెసేజీ దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కోడ్ అతికించడం లేదు. ఎక్కడ ఏం రాయాలో మాటల్లో చెబుతాను, స్పెల్లింగు మీ ఎడిటరే అందిస్తుంది.

ఆపుతున్నది ఎవరు?

బ్రౌజర్ దృష్టిలో ఒక చిరునామాకి ఆరిజిన్ అంటే మూడు ముక్కలు: స్కీమ్, హోస్ట్, పోర్ట్. మూడూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే ఒకే ఇల్లు. హెచ్‌టీటీపీకీ హెచ్‌టీటీపీఎస్‌కీ స్కీమ్ తేడా, కాబట్టి వేర్వేరు ఇళ్ళు. ముందు మూడు డబ్ల్యూలు ఉన్నదీ లేనిదీ వేర్వేరు. లోకల్‌హోస్ట్ 5500, 127.0.0.1 పోర్ట్ 5500 రెండూ మీ టేబుల్ మీదున్న అదే ల్యాప్‌టాప్‌కే పోతాయి, అయినా బ్రౌజర్‌కి వేర్వేరే. పోర్ట్ తర్వాత వచ్చే దారి, ఫైలు పేరు మాత్రం లెక్కలోకి రావు.

ఒక ఇంటి స్క్రిప్టు ఇంకో ఇంటి డేటా చదవకూడదన్న ఈ నియమం 1990ల నడుమ, నెట్‌స్కేప్ బ్రౌజర్లోకి జావాస్క్రిప్ట్ వచ్చిన కొత్తల్లోనే పుట్టింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒక ట్యాబ్‌లో బ్యాంకు ఖాతా తెరిచి ఉంది, ఇంకో ట్యాబ్‌లో ఏదో ఊరూపేరూ లేని పేజీ చూస్తున్నారు. ఆ పేజీలోని స్క్రిప్టు మీ కుకీలతో బ్యాంకుని అడిగి, వచ్చిన జవాబుని చదివేసుకుంటే? అందుకే అడ్డు. ఆ అడ్డులో పద్ధతిగా తలుపు పెట్టుకునే ఏర్పాటే కార్స్. 2014 జనవరిలో వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని సిఫారసు ప్రమాణంగా ప్రకటించింది, ఇప్పుడు ఫెచ్ ప్రమాణంలోనే భాగంగా ఉంది.

దీన్ని నేను బస్టాండులో కార్గో కౌంటర్‌తో పోల్చి చెబుతుంటాను. మీ సరుకు వచ్చేసింది, గుమస్తా బల్ల మీదే ఉంది, మీకు కనబడుతోంది కూడా. కానీ పంపినవాడు “ఫలానావాళ్ళకి ఇవ్వొచ్చు” అని చీటీ రాయలేదు. గుమస్తా ఇవ్వడు. కౌంటర్ ఇవతల నిలబడి మీరెంత గట్టిగా అరిచినా ఇవ్వడు. గుమస్తా అంటే బ్రౌజర్. చీటీ అంటే సర్వర్ జవాబుతోపాటు పంపే యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ అనే హెడర్. అది రాయాల్సింది పంపినవాడు, తీసుకునేవాడు కాదు.

కొత్తవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఆ హెడర్‌ని తమ ఫెచ్‌లో, హెడర్స్ అన్నచోట తామే పెట్టి పంపుతారు. నా చీటీ నేనే రాసుకొచ్చానని గుమస్తాకి చూపించినట్టు. పని జరగకపోగా, రిక్వెస్టులో మామూలుగా ఉండని హెడర్ చేరింది కాబట్టి బ్రౌజర్ ముందస్తు విచారణ (ప్రీఫ్లైట్) కూడా మొదలుపెడుతుంది. నిన్నటిదాకా నడిచిన రిక్వెస్టు ఈ రోజు చెడిపోయిందంటే ముందు ఇది చూడండి.

ముందు జబ్బేదో తేల్చుకోండి

జావాస్క్రిప్ట్‌లో మీ క్యాచ్ బ్లాకుకి అందేది, క్రోమ్‌లో అయితే, “ఫెయిల్డ్ టు ఫెచ్” అన్న ఒక్క ముక్కే. నెట్టు పోయినా అదే, కార్స్ ఆపినా అదే. అసలు కారణం స్క్రిప్టుకి చెప్పకూడదని బ్రౌజర్ కావాలనే దాస్తుంది. మనిషికి మాత్రం కన్సోల్లో చెబుతుంది. కాబట్టి ఎఫ్12 నొక్కి కన్సోల్, నెట్‌వర్క్ ట్యాబులు రెండూ తెరవండి. కన్సోల్ మెసేజీ పొడుగ్గా ఉందని సగంలో వదిలేయొద్దు, అసలు సంగతి చివర్లోనే ఉంటుంది.

నెట్‌వర్క్ ట్యాబులో మీ రిక్వెస్టు మీద నొక్కి స్టేటస్ కోడ్ చూడండి. 200 ఉండి, రెస్పాన్స్ హెడర్లలో చీటీ లేకపోతే, అది అచ్చమైన కార్స్ సమస్య. అక్కడ 500 గానీ 404 గానీ ఉంటే కార్స్‌ని మరిచిపోండి. సర్వర్ లోపల ఏదో విరిగింది, ఆ ఎర్రర్ పేజీకి చీటీ అంటించే తీరిక దానికి లేదు, బ్రౌజర్ మాత్రం కార్స్ అనే అరుస్తుంది. ముందు ఆ 500 సంగతి చూడాలి. నా అనుభవంలో “కార్స్ ఎర్రర్ అన్నా” అని పిల్లలు తెచ్చే కేసుల్లో మూడో వంతు ఇవే.

మీ రిక్వెస్టుకి ముందు ఆప్షన్స్ అనే ఇంకో వరస ఉండి, అది ఎర్రగా ఉంటే విషయం ప్రీఫ్లైట్‌ది, దాని గురించి కింద చెబుతాను. మెసేజీలో మిక్స్‌డ్ కంటెంట్ అని ఉంటే, మీ పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండి పాత హెచ్‌టీటీపీ చిరునామాని అడుగుతోంది, ఎన్ని హెడర్లు పెట్టినా తెరుచుకోదు. కనెక్ట్-ఎస్ఆర్‌సీ అన్న మాట కనబడితే ఆపుతున్నది మీ సొంత సైటు కంటెంట్ సెక్యూరిటీ పాలసీయే, అవతలివాళ్ళని తిట్టుకోకండి. ఆరిజిన్ దగ్గర నల్ అని రాసి ఉంటే, ఫైలుని డబుల్ క్లిక్ చేసి నేరుగా తెరిచారన్నమాట. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ నడపండి, లేదా పైథాన్ ఉంటే దాని హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ని పోర్ట్ 8000 మీద నడిపి అక్కడినుంచి తెరవండి.

పోస్ట్‌మాన్‌లో వస్తోంది, బ్రౌజర్లో రావడం లేదు అంటే ఆశ్చర్యపోవాల్సిందేం లేదు. పోస్ట్‌మాన్, కర్ల్ అనేవి బ్రౌజర్ లేకుండా రిక్వెస్టు పంపే పనిముట్లు, వాటికి గుమస్తా లేడు. అయితే చీటీ ఉందో లేదో చూడటానికి కర్ల్ బాగా పనికొస్తుంది, ఒక షరతుతో: ఆరిజిన్ అనే హెడర్‌ని మీ సైటు చిరునామాతో జతచేసి పంపాలి. చాలా సర్వర్లు ఆరిజిన్ కనబడితేనే చీటీ రాస్తాయి. ఉత్త కర్ల్ కొట్టి, హెడర్ లేదనుకుని ఒక పూట పోగొట్టుకున్నవాణ్ణి నేను.

ఇక దోవలు. ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ సర్వర్ ఎవరిది?

తలుపు తీసే ఉంచినవాళ్ళది

బ్రౌజర్ల కోసమే పెట్టిన ఏపీఐలు (కోడ్‌తో డేటా అడిగే చిరునామాలు) కొన్ని ఉంటాయి. వాటితో పేచీ లేదు. మండీ పేజీలో వానకి నేను ఓపెన్-మీటియో అనే వాతావరణ సర్వీసు వాడాను. వ్యాపారేతర వాడకానికి తాళంచెవి (ఏపీఐ కీ) అడగదు, ఏ ఆరిజిన్ నుంచైనా చదవనిస్తుంది. మండీ పేజీ వ్యాపారానిది కదా అంటారా, అవును, అందుకే నిబంధనలు చదివి దాని డబ్బు కట్టే పథకానికి మారాము. మీరు నేర్చుకోవడానికైతే ఉచితంగా సరిపోతుంది.

ఫోర్‌కాస్ట్ చిరునామాకి లాటిట్యూడ్ 13.63, లాంగిట్యూడ్ 79.42 ఇస్తే తిరుపతి. గంటగంటకీ వాన ఎంత, గాలి విసురు ఎంత అని రెండు పేర్లు జతచేస్తే చాలు. టైమ్‌జోన్ ఏషియా-కోల్‌కతా అని తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే గంటలన్నీ గ్రీనిచ్ లెక్కలో వస్తాయి. సాయంత్రం ఐదున్నరకి వచ్చే గాలివాన మధ్యాహ్నం 12కి అని చూపిస్తుంది. కాయ కోతకి కూలీలని పిలుచుకునే మనిషికి ఆ ఐదున్నర గంటలు చిన్న తేడా కాదు.

జవాబు రాగానే రెస్పాన్స్ ఓకే అవునా కాదా చూసి, ఆ తర్వాతే జేసన్‌గా మార్చండి. ఫెచ్‌కి 404 వచ్చినా తప్పుగా తోచదు, మామూలుగానే ముందుకు పోతుంది. ఎనిమిది సెకన్లకి వదిలేసేలా అబార్ట్‌సిగ్నల్ టైమౌట్ పెట్టండి. కిందటిసారి వచ్చిన విలువని లోకల్‌స్టోరేజ్‌లో దాచి, నెట్టు అందనప్పుడు దాన్నే “ఉదయం 9:10 నాటిది” అని టైముతో సహా చూపించండి. తోటల్లో సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప.

మీ సర్వరే అయితే

ఇది అన్నిటికన్నా సుఖమైన కేసు, అన్నిటికన్నా ఎక్కువమంది పాడుచేసుకునేదీ ఇదే. ఎక్స్‌ప్రెస్ (నోడ్ సర్వర్ ఫ్రేమ్‌వర్క్) అయితే కార్స్ అనే ప్యాకేజీ ఉంది, మిగతా ఫ్రేమ్‌వర్కులకీ అలాంటివే ఉన్నాయి. పెట్టి వదిలేయకుండా అది ఏం పంపుతోందో తెలుసుకోండి.

అలౌ-ఆరిజిన్ హెడర్‌లో నక్షత్రం గుర్తయినా ఉండాలి, ఒకే ఒక్క ఆరిజిన్ అయినా ఉండాలి. కామా పెట్టి రెండు రాస్తే చెల్లదు. మీ సైటు రెండు పేర్లతో నడుస్తుంటే, సర్వర్లో అనుమతించినవాటి జాబితా పెట్టుకుని, వచ్చిన ఆరిజిన్ అందులో ఉంటే దాన్నే తిరిగి రాయాలి. పోల్చేటప్పుడు పూర్తి చిరునామా పోల్చండి. “ఎగ్జాంపుల్.కామ్‌తో ముగుస్తుందా” అని చూస్తే, దొంగఎగ్జాంపుల్.కామ్ కూడా దర్జాగా లోపలికి వస్తుంది. చివర గీత (స్లాష్) ఉండకూడదు. ఆరిజిన్‌కి చివర గీత ఎప్పుడూ ఉండదు, మీ జాబితాలో ఉంటే ఏ జన్మకీ కలవదు. ఇలా ఆరిజిన్‌ని బట్టి జవాబు మారుతుంటే వేరీ అనే హెడర్‌లో ఆరిజిన్ అని రాయండి. లేకపోతే నడుమ ఉన్న క్యాష్ ఒకరికి రాసిన చీటీని దాచిపెట్టి ఇంకొకరికి ఇస్తుంది. సగం మందికి పనిచేసి సగం మందికి పనిచేయని వింత జబ్బు అలాగే పుడుతుంది.

ప్రీఫ్లైట్ సంగతి. మామూలు గెట్, హెడ్, పోస్ట్ అయితే బ్రౌజర్ నేరుగా పంపేస్తుంది. పోస్ట్‌లోనూ కంటెంట్-టైప్ మూడే మూడు రకాలకి ఈ వెసులుబాటు: ఉత్త టెక్స్ట్, ఫారం డేటా రకాలు రెండు. అప్లికేషన్-జేసన్ అని పెట్టారా, ఆథరైజేషన్ లాంటి హెడర్ జతచేశారా, పుట్, డిలీట్ వాడారా, బ్రౌజర్ ముందు ఆప్షన్స్ పంపి “ఈ పద్ధతిలో, ఈ హెడర్లతో పంపమంటారా” అని అడుగుతుంది. దానికి సర్వర్ 200 వరస స్టేటస్‌తో, అలౌ-మెథడ్స్, అలౌ-హెడర్స్ రెండూ నింపి జవాబివ్వాలి.

ఇక్కడో బురద ఉంది, నేను రెండుసార్లు దిగాను. ఆప్షన్స్ రిక్వెస్టులో టోకెన్ ఉండదు, కుకీ ఉండదు. మీ లాగిన్ తనిఖీ కార్స్ కంటే ముందు వరసలో ఉంటే, “నువ్వెవరు” అని 401 ఇచ్చి ఆప్షన్స్‌ని గుమ్మంలోనే వెనక్కి పంపేస్తుంది. అసలు రిక్వెస్టు బయల్దేరదు. కార్స్ మిడిల్‌వేర్ ముందు ఉండాలి, లాగిన్ తనిఖీ దాని తర్వాత రావాలి. అలాగే హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి సర్వర్ మళ్ళిస్తుంటే ప్రీఫ్లైట్ ఆ మళ్ళింపుని ఒప్పుకోదు, ఫెచ్‌లో మొదటే హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఇవ్వండి. ఆప్షన్స్ జవాబుకి మ్యాక్స్-ఏజ్ కూడా పెట్టండి. పెట్టకపోతే బ్రౌజర్ దాన్ని ఐదు సెకన్లే గుర్తుంచుకుంటుంది. క్రోమ్ గరిష్ఠంగా 7200 సెకన్లు, ఫైర్‌ఫాక్స్ 86400 సెకన్లు ఒప్పుకుంటాయి.

ఎన్జినెక్స్ అనే వెబ్ సర్వర్‌లో యాడ్-హెడర్ రాసేవాళ్ళకి రెండు మాటలు. చివర ఆల్వేస్ అన్న పదం లేకపోతే ఆ హెడర్ 200, 301 లాంటి కొన్ని స్టేటస్‌లకే వెళుతుంది, 500 వచ్చినప్పుడు వెళ్ళదు. అప్పుడు పైన చెప్పిన దొంగ కార్స్ ఎర్రర్ కనబడుతుంది. రెండోది, ఎన్జినెక్స్ ఒకటి, ఎక్స్‌ప్రెస్ ఒకటి, రెండు చీటీలు అంటిస్తే బ్రౌజర్ రెండూ చెల్లవంటుంది. ఎక్కడో ఒక్కచోటే రాయండి.

కుకీలు కావాలంటే ఫెచ్‌లో క్రెడెన్షియల్స్ ఇన్‌క్లూడ్ అని పెట్టాలి. సర్వర్ అలౌ-క్రెడెన్షియల్స్ ట్రూ పంపాలి. అప్పుడు నక్షత్రం పనికిరాదు, ఆరిజిన్ పేరు నిక్కచ్చిగా ఉండాలి. సైట్లు పూర్తిగా వేరైతే కుకీకి సేమ్‌సైట్ నన్, సెక్యూర్ రెండూ ఉండాలి. ఒకే డొమైన్ కింద ఏపీఐకి వేరే సబ్‌డొమైన్ పెట్టుకున్నవాళ్ళకి ఆ కుకీ బాధ లేదు, ఎందుకంటే అది ఒకే సైటు. కార్స్ చీటీ మాత్రం రాయక తప్పదు, ఎందుకంటే అది వేరే ఆరిజిన్.

గూగుల్ షీట్, మూడుసార్లు పడ్డ తోట

ఫారం దగ్గరికొద్దాం. రైతు పేరు, ఊరు, ఎన్ని టన్నులు రావచ్చు, ఏ రకం. దీనికి డేటాబేస్ ఎందుకని గూగుల్ షీట్, దాని వెనక యాప్స్ స్క్రిప్ట్ (షీట్‌కి కోడ్ రాసుకునే గూగుల్ ఏర్పాటు) పెట్టాను. చిన్న పనులకి ఇప్పటికీ నేను దీన్నే చెబుతాను.

స్క్రిప్టులో డూపోస్ట్ అనే ఫంక్షన్ రాసి, వచ్చినదాన్ని షీట్లో ఒక వరసగా చేర్చి, కంటెంట్ సర్వీస్‌తో జవాబు తిప్పి పంపాలి. డిప్లాయ్ చేసేటప్పుడు “నా పేరు మీద నడవాలి”, “ఎవరైనా వాడొచ్చు” అన్న రెండూ ఎంచుకోండి. గూగుల్ ఖాతా ఉన్నవాళ్ళే అని ఎంచుకుంటే లాగిన్ పేజీకి మళ్ళిస్తుంది, ఆ పేజీకి చీటీ ఉండదు, మళ్ళీ ఎర్ర మెసేజీ. కోడ్ మార్చిన ప్రతిసారీ కొత్త వెర్షన్‌గా డిప్లాయ్ చేయాలి. సేవ్ చేసినంత మాత్రాన బయటి చిరునామాలో మార్పు రాదు.

యాప్స్ స్క్రిప్ట్‌కి ఆప్షన్స్‌ని పట్టుకునే ఫంక్షన్ లేదు. అంటే ప్రీఫ్లైట్ వచ్చిందంటే తప్పిపోయినట్టే. అందుకే కంటెంట్-టైప్‌ని అప్లికేషన్-జేసన్ అనకుండా ఉత్త టెక్స్ట్ అని పెట్టి, బాడీలో మాత్రం జేసన్ స్ట్రింగునే పంపాలి. అవతల పోస్ట్-డేటా కంటెంట్స్‌ని తీసి జేసన్ పార్స్ చేసుకోవచ్చు. అడ్డదారిలా కనబడినా ఇది నియమాల లోపలి దారే.

ఇంతా చేసి నేను పరీక్షగా ఒక తోట వివరం పంపాను: నీలం, 4 టన్నులు. ఎర్ర మెసేజీ, కార్స్. అదేంటని మళ్ళీ నొక్కాను. ఎర్రగానే. ఇంకోసారి. అంతలో వ్యాపారి ఫోను.

“ఎవురప్పా ఈయన, మూడు తూర్లు పంపినాడు? పన్నెండు టన్నులు నీలం ఉండాదా ఆయన దగ్గర?”

షీట్ తెరిచి చూస్తే మూడు వరసలు నిక్షేపంగా ఉన్నాయి. జరిగిందేమంటే, స్క్రిప్టు వరసని షీట్లో చేర్చేసింది. ఆ తర్వాతి లైన్లో ఆయనకి మెయిల్ పంపేచోట చిరునామా ఖాళీగా ఉండి ఎర్రర్ వచ్చింది. యాప్స్ స్క్రిప్ట్ ఎర్రర్ పేజీకి చీటీ ఉండదు, కాబట్టి బ్రౌజర్ జవాబుని నాకివ్వలేదు. పని మాత్రం అయిపోయింది. కార్గో ఉపమానంలో చెప్పాలంటే గుమస్తా ఆపింది తిరిగొచ్చిన సరుకుని, వెళ్ళిన ఉత్తరాన్ని కాదు. ప్రీఫ్లైట్ అక్కరలేని రిక్వెస్టులన్నీ సర్వర్‌కి చేరతాయి, అక్కడ చేయాల్సింది చేసేస్తాయి. కార్స్ ఉంది కదా, మన సర్వర్ భద్రం అనుకునేవాళ్ళు ఈ మూడు వరసలని గుర్తుపెట్టుకోవాలి. సర్వర్ కాపలా సర్వరే కాసుకోవాలి.

సరిచేసింది ఇలా. పేజీ తెరవగానే క్రిప్టో ర్యాండమ్ యూయూఐడీతో ఒక గుర్తింపు సంఖ్య పుట్టించి ఫారంతోపాటు పంపుతాను. స్క్రిప్టు ఆ సంఖ్య షీట్లో ఇప్పటికే ఉందా అని చూసి, ఉంటే కొత్త వరస వేయకుండా “చేరింది” అని మాత్రం చెబుతుంది. ఆ యూయూఐడీ ఫంక్షన్ బ్రౌజర్లో హెచ్‌టీటీపీఎస్ మీద, లోకల్‌హోస్ట్ మీద మాత్రమే దొరుకుతుంది. స్క్రిప్టు మొత్తాన్ని ట్రై-క్యాచ్‌లో పెట్టి, ఎర్రర్ వచ్చినా కంటెంట్ సర్వీస్ ద్వారానే “తప్పు జరిగింది” అని జేసన్ పంపేలా మార్చాను. అప్పుడు చీటీతో సహా వస్తుంది, స్క్రీన్ మీద అసలు కారణం కనబడుతుంది.

సర్వర్ వేరేవాళ్ళది, చీటీ రాయరు

ధరల గడి కథ ఇదే. ధరలిచ్చే ఆ సర్వీసు తాళంచెవి ఇస్తుంది, బ్రౌజర్‌కి చీటీ మాత్రం రాయదు. అసలు తాళంచెవిని బ్రౌజర్ కోడ్‌లో పెట్టడమే తప్పు, ఎఫ్12 నొక్కిన ప్రతివాడికీ కనబడుతుంది. కాబట్టి కార్స్ ఆపకపోయినా ఈ పనికి నడుమ మనిషి కావాల్సిందే. ఆ నడుమ మనిషే ప్రాక్సీ. సర్వర్ ఇంకో సర్వర్‌ని అడిగేటప్పుడు గుమస్తా ఉండడు కదా.

మీ పేజీ ఎన్జినెక్స్ మీద నడుస్తుంటే అన్నిటికంటే శుభ్రమైనది రివర్స్ ప్రాక్సీ. స్లాష్-ధరలు-స్లాష్ అని లొకేషన్ పెట్టి, ప్రాక్సీ-పాస్‌తో అవతలి చిరునామాకి పంపండి, తాళంచెవి హెడర్‌ని అక్కడే జతచేయండి. బ్రౌజర్ అడిగేది మీ సొంత ఆరిజిన్‌నే కాబట్టి కార్స్ అన్న మాటే రాదు. ఒక్క జాగ్రత్త: ప్రాక్సీ-పాస్ చిరునామా చివర స్లాష్ ఉంటే లొకేషన్ ముక్క తెగిపోయి మిగతాది మాత్రమే అవతలికి పోతుంది. స్లాష్ లేకపోతే మొత్తం దారి అలాగే పోతుంది. 404 వస్తే ముందు ఆ స్లాష్ చూడండి.

వీట్ (Vite) అనే బిల్డ్ టూల్ వాడేవాళ్ళు కాన్ఫిగ్‌లో సర్వర్-ప్రాక్సీ పెట్టుకుని సంబరపడతారు. అది డెవలప్‌మెంట్ సర్వర్ వరకే. బిల్డ్ చేసి హోస్టింగులో పెట్టాక ఆ ప్రాక్సీ ఉండదు, అక్కడ నిజమైన ప్రాక్సీ వేరే పెట్టాలి.

సొంత సర్వర్ లేనివాళ్ళకి, చిన్న కోడ్‌ని తమ సర్వర్ల మీద నడిపిపెట్టే క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ లాంటివి ఉన్నాయి. ఉచిత పథకంలో రోజుకి 100,000 రిక్వెస్టులు, మండీ పేజీకి దండిగా చాలు. వర్కర్ చేయాల్సింది వరసగా ఇది: వచ్చిన ఆరిజిన్ మన జాబితాలో ఉందా చూడాలి. అవతలి చిరునామాని, సీక్రెట్‌గా దాచిన తాళంచెవితో పిలవాలి. జవాబులో మనకి కావాల్సిన రకం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర ఈ మూడే ఏరుకోవాలి. దానికి కంటెంట్-టైప్, మన సైటు పేరుతో అలౌ-ఆరిజిన్, వేరీ ఆరిజిన్, పది నిమిషాల క్యాష్-కంట్రోల్ జతచేసి పంపాలి. అవతల తప్పు జరిగినా ఇవే హెడర్లతో 502 ఇవ్వాలి. క్యాష్ ఎందుకంటే, ఇప్పుడు అందరి రిక్వెస్టులూ మీ ఒక్క తాళంచెవి ఖాతాలోనే పడతాయి, పరిమితి తొందరగా అయిపోతుంది.

“ఏ చిరునామా కావాలో క్వెరీలో ఇవ్వు, తెచ్చిస్తాను” అన్నట్టు ప్రాక్సీ రాయొద్దు. రాయడం సులువే, నాలుగు లైన్లు. కానీ అది ఊరందరికీ తెరిచిన గేటు. ఎవరో మీ పేరు మీద ఎక్కడెక్కడో దోచుకుంటారు, సొంత సర్వర్ మీద ఉంటే లోపలి నెట్‌వర్క్ చిరునామాలు కూడా అడిగి చూస్తారు. చిరునామా కోడ్‌లో గట్టిగా రాసి ఉండాలి.

బ్రౌజర్ అడగాల్సిన పనే లేకపోతే

వర్కర్ అంతా రాశాక తోచింది: ఈ ధరలు రోజుకి ఒక్కసారి మారతాయి. మరి ప్రతి రైతు ఫోనూ ప్రతిసారీ వెళ్ళి అడగడం దేనికి? ఇప్పుడు గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ మన కోడ్‌ని టైము ప్రకారం నడిపే ఏర్పాటు) ఒక చిన్న స్క్రిప్టు రోజూ పొద్దున ధరలు తెచ్చి, జేసన్ ఫైలుగా పేజీ పక్కనే పెడుతుంది. పేజీ తన ఇంట్లోని ఫైలునే చదువుకుంటుంది. కార్స్ లేదు, తాళంచెవి సీక్రెట్స్‌లో ఉంది, అవతలి సర్వర్ పడుకున్నా నిన్నటి ధర అయినా కనబడుతుంది. క్రాన్ (ఎప్పుడు నడవాలో చెప్పే వరస) లెక్క యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైములో ఉంటుంది కాబట్టి మన ఉదయం 6 గంటలకి 30 0 * * * అని రాయాలి. సరిగ్గా ఆ నిమిషానికే నడుస్తుందని మాత్రం నమ్ముకోవద్దు, రద్దీని బట్టి ఆలస్యమవుతుంది. ఫైల్లో తెచ్చిన టైము కూడా రాయించి పేజీలో చూపించండి. డేటా నిమిషనిమిషానికీ మారేది కాకపోతే ప్రాక్సీ జోలికి పోకుండా మొదటే ఈ దారి చూడమంటాను.

నెట్లో దొరికే చిట్కాలు

మోడ్ నో-కార్స్ పెట్టమని చాలాచోట్ల రాసి ఉంటుంది. పెడితే ఎర్ర మెసేజీ పోతుంది, డేటా కూడా పోతుంది. వచ్చేది ఒపేక్ జవాబు: స్టేటస్ 0, బాడీ చదవడానికి లేదు. సీలు వేసిన పెట్టెని చేతికిచ్చి విప్పొద్దన్నట్టు.

ఊరికే దొరికే పబ్లిక్ ప్రాక్సీల గుండా పోయే ప్రతి అక్షరాన్నీ వాటి యజమాని చదవగలడు, మార్చగలడు. కార్స్-ఎనీవేర్ అనే పేరున్న డెమో సర్వర్ 2021లో దుర్వినియోగం ఎక్కువై పరిమితం చేసినప్పుడు దాని మీద నిలబెట్టిన పేజీలు ఒక్కసారిగా ఆగాయి. జేసన్‌పీ 2005 నాటి ఉపాయం, స్క్రిప్టు ట్యాగుకి ఈ అడ్డు లేదు కాబట్టి డేటాని స్క్రిప్టుగా తెప్పించుకోవడం. అవతలివాడు పంపిన కోడ్‌ని మన ఇంట్లో నడపడమే అది. కొత్తగా రాసేవాళ్ళకి దాని అవసరం లేదు.

ఇచ్చే ముందు

ఎక్స్‌టెన్షన్లు లేని ప్రైవేట్ విండోలో తెరవండి. అవతలివాళ్ళ ఫోన్లో, వైఫై కాకుండా మొబైల్ డేటా మీద తెరవండి. చిరునామాకి మూడు డబ్ల్యూలు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. మా వ్యాపారి డొమైన్ కొన్న మర్నాడే ధరలు మాయమయ్యాయి. వర్కర్ ఇంకా నడుస్తున్న రోజులవి, జాబితాలో డబ్ల్యూలు లేని పేరొక్కటే ఉంది, ఆయన విజిటింగ్ కార్డు మీద డబ్ల్యూలతో అచ్చేయించాడు. రెండు పేర్లూ చేర్చి, ఒకదాన్ని ఇంకోదానికి మళ్ళించాను. కార్డులు వెయ్యి అచ్చయిపోయి ఉన్నాయి మరి.